ఫ్రీగా దొరికే చెక్క ప్యాలెట్లు: ఎక్కడ అడగాలి, వ్యాపారానికి ఎంతవరకు పనికొస్తాయి

ఫ్రీ ప్యాలెట్లు, అంటే సరుకు పేర్చి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తడానికి కింద వేసే చెక్క చట్రాలు, ఎక్కడ దొరుకుతాయండీ అని చాలామంది అడుగుతుంటారు. దొరకడం పెద్ద కష్టం కాదు, నాలుగు చోట్ల నోరు తెరిచి అడిగితే చాలు. కానీ వాటిని దేనికి వాడబోతున్నారో చెప్పమని నేను తిరిగి అడుగుతా. మొక్కల స్టాండ్ చేసుకోవడానికో, సామాన్లకి నేల నెమ్ము తగలకుండా కింద వేసుకోవడానికో అయితే ఒక లెక్క, అదే ప్యాలెట్ మీద సరుకు కట్టి కస్టమర్‌కి పంపాలన్నా, ఆ చెక్కతో బల్లలు చేసి అమ్మాలన్నా లెక్క మారిపోతుంది. నేను చాలాకాలంగా ఈ చెక్కతోనే పని చేస్తున్నా, మంచి చెక్క చెత్త లారీ ఎక్కుతుంటే చూస్తూ ఊరుకోలేను, అందుకే ఎవరినీ వద్దని నిరుత్సాహపరచను. ఎక్కడివరకు పర్వాలేదు, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం వివరంగా రాయాలనిపించింది.

అసలు ఎవరైనా ప్యాలెట్ ఊరికే ఎందుకు ఇస్తారో అర్థమైతే ఎక్కడ వెతకాలో దానంతటదే తెలిసిపోతుంది. షాపుకి సరుకు ప్యాలెట్ల మీద వస్తుంది, దించుకున్నాక ఖాళీ ప్యాలెట్ మిగిలిపోతుంది. ఖాళీవి వెనక్కి మోసుకెళ్తే డీజిల్ దండగ కాబట్టి తెచ్చిన లారీ వాళ్లు చాలాసార్లు ముట్టుకోరు. పెద్ద సూపర్‌మార్కెట్లకి, పెద్ద గోడౌన్లకి ఇవి కుప్పలు కుప్పలుగా వస్తాయి, వాళ్లకి వెనక్కి పంపే ఏర్పాటో, పాతవి కొనేవాళ్లతో ఒప్పందమో ఉంటుంది, అక్కడ మనకి దక్కేదేమీ ఉండదు. చిన్న షాపు సంగతి అలా కాదు. వారానికి ఏ నాలుగో ఐదో పోగవుతాయి, అంత తక్కువ సరుకు కోసం కొనేవాడు బండి పంపడు, పారేద్దామంటే ఎత్తించడానికి డబ్బులు పెట్టాలి, ఉంచుకుందామంటే చోటు లేదు, పైగా కుప్ప పడి ఉంటే నిప్పు భయం. అలాంటి వాళ్ల దగ్గరికి వెళ్లి మేం తీసుకెళ్తాం అంటే వాళ్లకీ ఒక తలనొప్పి తగ్గినట్టే.

కాబట్టి బరువైన సరుకు తక్కువ సంఖ్యలో వచ్చే చోట్లు చూడండి. టైల్స్ షాపులు, హార్డ్‌వేర్ షాపులు, మొక్కలూ మట్టీ ఎరువూ అమ్మే నర్సరీలు, కాగితం బండిల్స్ వచ్చే ప్రింటింగ్ ప్రెస్‌లు, ఇల్లు కడుతున్న సైట్లు. నా మటుకు నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మెషినరీ అమ్మేవాళ్ల దగ్గరివి, అంటే జనరేటర్లు, కంప్రెసర్లు, బైకులు లాంటివి వచ్చే ప్యాలెట్లు. వాటి సైజు ఆ మెషీన్‌కి తగ్గట్టు అడ్డదిడ్డంగా ఉంటుంది కాబట్టి పాత ప్యాలెట్లు కొనేవాళ్లకి పనికిరావు, కానీ కింద వేసే దూలాలు లావుగా ఉంటాయి, ఒక్క ప్రయాణం మాత్రమే చేసి ఉంటాయి. చెక్క కోసం విప్పేవాళ్లకి ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

అడిగే పద్ధతి గురించి ఒక మాట. షాపు వెనక గోడ పక్కన పడేసి ఉంది కదా అని తీసుకెళ్లిపోకండి, అది ఎవరిదో ఒకరిది, వెనక్కి పంపడానికే అక్కడ పెట్టి ఉండొచ్చు. కౌంటర్ దగ్గర అడిగితే సాధారణంగా వాళ్లకి తెలియదు, సరుకు దించుకునే చోట ఉండే మనిషిని కలవండి, రద్దీ లేని టైములో వెళ్లండి, ఏ రోజు లోడు వస్తుందో కనుక్కోండి. వస్తానన్న రోజు వెళ్లండి, విరిగినవి కూడా కలిపి మొత్తం ఎత్తుకెళ్లండి, కింద రాలిన మేకులు ఏరి పారేయండి. మంచివి నాలుగు ఏరుకుని మిగతావి చిందరవందరగా వదిలేసే వాళ్లని ఎవరూ రెండోసారి రానివ్వరు. వ్యాపారానికి తీసుకెళ్తుంటే ఫలానా తేదీన ఇన్ని ఇచ్చాం అని ఒక చిన్న కాగితం మీద రాయించుకోవడం మంచిది, దారిలో ఎవరైనా ఆపి అడిగినా, రేపు షాపులో మేనేజర్ మారినా అదే మీకు అండ.

రంగు ఉన్న ప్యాలెట్లు అస్సలు ముట్టుకోకూడదు. నీలం రంగువి చెప్ అనే అద్దె కంపెనీవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రేలియాలో మిగిలిపోయిన సైనిక సామగ్రితో మొదలైన వ్యవస్థ అది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. వాళ్లు ప్యాలెట్లు అమ్మరు, అద్దెకే ఇస్తారు, అది ఎన్ని చేతులు మారినా సొంతదారు కంపెనీయే. అమెరికాలో పెకో, యూరప్‌లో ఎల్‌పీఆర్ వాళ్లవి ఎరుపు రంగులో ఉంటాయి, వాటిదీ ఇదే పద్ధతి. షాపు వాళ్లే తీసుకెళ్లమని చెప్పినా సరే వద్దనండి, ఇచ్చే హక్కు వాళ్లకే లేదు. ఇంట్లో దాచుకోవడమే తప్పు, ఇక వాటితో సామాను చేసి అమ్మకానికి పెట్టి ఫోటోలు కూడా పోస్ట్ చేస్తే చేజేతులా సాక్ష్యం ఇచ్చినట్టు అవుతుంది. యూరప్‌లో మూల దిమ్మెల మీద ఈపాల్ (అక్కడి ప్యాలెట్ల సంఘం) ముద్ర ఉన్న ప్యాలెట్ల కథ ఇంకోరకం, వాటిని ఒకటిస్తే ఒకటి తీసుకునే పద్ధతిలో మార్చుకుంటారు, ప్రతిదానికీ మార్కెట్లో విలువ ఉంటుంది, కాబట్టి మంచి ఈపాల్ ప్యాలెట్ ఊరికే వదిలేసేవాళ్లు అరుదు.

ఇప్పుడు రంగు లేని, ఇష్టపడి ఇచ్చిన ప్యాలెట్ ఒకటి చేతికొచ్చింది అనుకుందాం. పక్కకి తిప్పి దిమ్మె మీదో దూలం మీదో ఉన్న ముద్ర చూడండి. నలుపులో స్టెన్సిల్‌తో కొట్టో, కాల్చో ఉంటుంది. ఎడమ వైపు గోధుమ వెన్ను బొమ్మ, అది ఐపీపీసీ గుర్తు, అంటే మొక్కల తెగుళ్లు దేశాలు దాటకుండా చూసే అంతర్జాతీయ ఒప్పందానిది. దాని పక్కన రెండు అక్షరాల దేశం కోడ్, తర్వాత తయారీదారు నంబరు, తర్వాత చెక్కకి ఏ ట్రీట్‌మెంట్ చేశారో చెప్పే రెండు అక్షరాలు. హెచ్‌టీ అంటే వేడి చేశారని, చెక్క నట్టనడుమ దాకా కనీసం 56 డిగ్రీల సెల్సియస్ వేడి ఆపకుండా 30 నిమిషాలు ఉండాలి. డీహెచ్ అన్నా వేడే, కాకపోతే మైక్రోవేవ్ లాంటి పద్ధతిలో. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని. ఇది మనిషికి విషం, ఓజోన్ పొరకి కూడా హాని చేస్తుందని 1992లో మాంట్రియల్ ఒప్పందం కిందకి తెచ్చారు, తెగుళ్లు దేశం దాటకుండా చేసే క్వారంటైన్ పనులకి మాత్రం మినహాయింపు ఉంది కాబట్టి ఇప్పటికీ కొన్ని దేశాల నుంచి ఎంబీ ముద్ర ఉన్నవి వస్తుంటాయి. యూరోపియన్ యూనియన్ 2010 నుంచి దాన్ని పూర్తిగా ఆపేసింది. గ్యాస్ చాలావరకు ఎగిరిపోతుందని అంటారు, అయినా నేను ఎంబీ చెక్క తీసుకోను, ఇంట్లో వాడే వస్తువుకి అసలే వాడను, పొయ్యిలో కాల్చడం అయితే ఎవరూ చేయొద్దు.

ముద్ర లేకపోతే? దేశం లోపలే తిరగడానికి చేసినది కావచ్చు, అలాంటివాటికి ముద్ర తప్పనిసరి కాదు. ప్లైవుడ్, చెక్క పొట్టు నొక్కి చేసినవాటికి కూడా ఈ నియమం వర్తించదు, తయారీలోనే వేడి, జిగురు, ఒత్తిడి అన్నీ తగులుతాయి కాబట్టి. ముద్ర లేనిది చెడ్డదని కాదు గానీ దాని గురించి చెప్పేవాళ్లు లేరన్నమాట.

చాలామంది ఇక్కడే పొరబడతారు. హెచ్‌టీ అని ఉంది కదా, శుభ్రం, సేఫ్ అనుకుంటారు. ఆ ముద్ర ఇచ్చే హామీ పురుగుల గురించి మాత్రమే. ఐఎస్‌పీఎం 15 అనే ఆ ప్రమాణం 2002లో వచ్చింది, చెక్క పెట్టెల్లో దాక్కుని ఆసియా నుంచి అమెరికా వెళ్లి అక్కడి చెట్లని తొలిచేసిన పొడుగు మీసాల పెంకు పురుగులు, పైన్ జాతి చెట్లని చంపే నులిపురుగులు, ఇలాంటివాటిని ఆపడానికి తెచ్చింది. ట్రీట్‌మెంట్ అయ్యాక ఆ ప్యాలెట్ మీద ఏం ఎక్కింది, ఏం ఒలికింది, ఎన్ని వానల్లో తడిసింది అన్నది ముద్రలో ఉండదు. వేడి చేసిన చెక్క కూడా తడిస్తే బూజు పడుతుంది. పురుగుమందు డబ్బా కారినా, నూనె పీల్చుకున్నా, పచ్చి మాంసం నీళ్లు ఇంకినా ముద్ర మాత్రం చెక్కుచెదరదు.

ఇది ఊహించి చెప్తున్న భయం కూడా కాదు. 2010లో అమెరికాలో టైలెనాల్ అనే జ్వరం, నొప్పుల మాత్రల డబ్బాలు మార్కెట్ నుంచి భారీగా వెనక్కి రప్పించారు. డబ్బా తెరిస్తే ముక్కిన వాసన వస్తోందని, కొందరికి కడుపులో తిప్పిందని జనం ఫిర్యాదు చేశారు. వెతికితే తేలింది ఏంటంటే, ఆ వాసన ట్రైబ్రోమోఅనిసోల్ అనే పదార్థానిది, ప్యాకింగ్ సామాను మోసిన చెక్క ప్యాలెట్లకి కొట్టిన రసాయనం విరిగి అది పుట్టింది, అక్కడి నుంచి డబ్బాలకి ఎక్కింది. మాత్రలు సరైనవే, ప్యాకింగ్ సరైనదే, అడుగున ఉన్న చెక్క వల్ల మొత్తం సరుకు పోయింది. అంత కట్టుదిట్టంగా ఉండే మందుల కంపెనీకే అలా జరిగితే, ఏ షాపు వెనక నుంచో తెచ్చిన ప్యాలెట్ మీద ఒక చిన్న వ్యాపారి పచ్చళ్లో సబ్బులో పెట్టి పంపడం ఎంత రిస్కో ఆలోచించండి.

నేను తీసుకునేముందు చూసేవి చెప్తా. ముందు వాసన, ముక్కు దగ్గర పెట్టి చూస్తా, చెక్క వాసన తప్ప ఇంకేం వచ్చినా వద్దు. తర్వాత మరకలు, ముఖ్యంగా నూనెలా మెరిసేవి, తెల్లగా పొడి కట్టినవి, ఆకుపచ్చగా ఉన్నవి. నల్లటి బూజు ఉంటే ఎండలో పెడితే పోతుందిలే అనుకోను. మేకుల చుట్టూ చూస్తా, మేకు తుప్పు చెక్కలోకి నల్లగా పాకిందంటే అది చాలా నెలలు తడిలో ఉన్నట్టే. చిన్న చిన్న బెజ్జాలుండి కింద సన్నటి పొడి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉంది. చివరగా దూలాల్లో ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములు దూరడానికి చెక్కిన గాడి ఉంటుంది చూడండి, ఆ గాడి మూల దగ్గర పగులు ఉందేమో వేలితో తడిమి చూస్తా. విరిగేది ఎక్కువగా అక్కడే, పైనుంచి చూస్తే కనపడదు.

చెక్క కోసం విప్పేవాళ్లకి ఒక సలహా. ప్యాలెట్ మేకులు మామూలు మేకుల్లా నున్నగా ఉండవు, ఒంటి మీద మెలికలో, రింగులో ఉంటాయి, ఊడి రాకూడదనే అలా చేస్తారు. పలుగు పెట్టి లేపితే మేకు రాదు, పలక చివర చీలిపోతుంది. అందుకని నేను పలకకి దూలానికి మధ్య సందులో ఇనుము కోసే బ్లేడు ఉన్న సేబర్ సా (బ్లేడు ముందుకీ వెనక్కీ ఆడే కరెంటు రంపం) పెట్టి మేకులనే కోసేస్తా, తలలు చెక్కలోనే ఉండిపోతాయి, అవి చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ తర్వాత చిత్రిక మెషీన్‌లో పెట్టేముందు మెటల్ డిటెక్టర్‌తో ప్రతి పలకా చూడాల్సిందే, ఒక్క మేకు ముక్క తగిలిందంటే బ్లేడు పోతుంది. మాస్క్ లేకుండా శాండింగ్ చేయకండి, చెక్క పొడిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే పెట్టింది, తెచ్చిన చెక్క మీద ఏముందో తెలియనప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి కదా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఫ్రీ అన్నది చెక్కకే, మిగతా అన్నిటికీ మన చేతి డబ్బే. తిరగడానికి బండి, ఏరడానికి టైము, విప్పడానికి మనిషి, బ్లేడ్లు, మేకులు తీశాక మిగిలే చెత్త పారేయడానికి ఖర్చు. సరదాకి చేసుకునేవాళ్లకి ఆ గంటలు లెక్కలోకి రావు, వ్యాపారంలో వస్తాయి. జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషి రోజంతా విప్పితే వచ్చే పలకల్ని, అదే జీతం డబ్బుతో కొత్తగా కొంటే వచ్చే పలకల్ని పక్కపక్కన పెట్టి చూసుకోండి, ప్రతి చోటా జవాబు వేరుగా వస్తుంది, కొన్నిచోట్ల కొనడమే చవక. పైగా ఇచ్చేవాళ్ల దయ మీద నడిచే సప్లై అది. ఈ నెల పాతిక ఇచ్చిన షాపు వచ్చే నెల సప్లయర్‌ని మార్చుకుంటే అంతే సంగతులు, అదే టైముకి మీకు పెద్ద ఆర్డర్ ఉంటే కస్టమర్‌కి ఏం చెప్తారు?

సరుకు పంపడానికి వాడేవాళ్లకి మొదట అడ్డొచ్చేది సైజు. ప్రపంచంలో ఒకటే సైజు లేదు, ఐఎస్ఓ ప్రమాణంలోనే ఆరు సైజులున్నాయి. యూరప్‌ది 1200 బై 800 మిల్లీమీటర్లు, అమెరికాలో ఎక్కువగా వాడేది 1219 బై 1016, ఆసియాలో కొన్ని దేశాల్లో 1100 బై 1100. ఏరుకొచ్చిన కుప్పలో అన్నీ కలిసి ఉంటాయి. లారీలో వరసగా పట్టవు, ఒకదాని మీద ఒకటి పెడితే కుదురుగా కూర్చోవు, రాక్‌లో అయితే అంచు మీద సరిగ్గా ఆనక జారే ప్రమాదం. పెద్ద కంపెనీలకి సరుకు సప్లై చేసేవాళ్లయితే ఏ సైజు, ఏ గ్రేడు ప్యాలెట్ మీద రావాలో వాళ్లే ముందే రాసిస్తారు, దానికి తగ్గట్టు లేకపోతే గేటు దగ్గరే లోడు ఆపేస్తారు.

తర్వాత బరువు. ఒకే ప్యాలెట్‌కి మూడు రకాల లెక్కలుంటాయి. నేల మీద కదలకుండా ఉన్నప్పుడు ఎక్కువ మోస్తుంది, ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తినప్పుడు తక్కువ, రాక్ మీద రెండు అంచుల్లో మాత్రమే ఆనించినప్పుడు ఇంకా తక్కువ. ఈపాల్ ప్యాలెట్ అయితే 78 మేకులు, 144 మిల్లీమీటర్ల ఎత్తు అని ప్రతిదీ రాసిపెట్టి చేస్తారు కాబట్టి 1500 కిలోలు మోస్తుందని ధైర్యంగా చెప్పగలుగుతున్నారు. మీరు తెచ్చినదానికి ఆ కాగితం లేదు. నేల మీద సరుకు పెట్టుకోవడానికి సరే. మనుషులు కింద నడిచే రాక్ మీదకి మాత్రం ఎక్కడిదో తెలియని ప్యాలెట్ ఎక్కించొద్దు, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఎగుమతి చేసేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ముద్ర ఉన్న పాత ప్యాలెట్, మార్పులేమీ చేయకుండా ఉంటే మళ్లీ వాడొచ్చు, ముద్రకి గడువు అంటూ లేదు. కానీ విరిగిన పలక తీసి ఇంట్లో ఉన్న మామూలు చెక్క కొట్టారంటే ఆ ముద్ర చెల్లదు. రిపేరుకి వాడే చెక్క కూడా ట్రీట్ చేసినదై ఉండాలి, కొత్తగా వేసిన ముక్కకి దాని ముద్ర ఉండాలి. మూడో వంతు కంటే ఎక్కువ మార్చితే పాత ముద్రలన్నీ చెరిపేసి, మొత్తం మళ్లీ ట్రీట్ చేయించి కొత్త ముద్ర వేయించాలి, అది కూడా ఆ దేశపు అధికారులు అనుమతి ఇచ్చినవాళ్లే వేయాలి. రేవులో పట్టుకుంటే సరుకు వెనక్కి పంపడమో, ప్యాలెట్ తగలబెట్టడమో చేస్తారు, ఆ ఖర్చు ముందు కొత్త ప్యాలెట్ ధర ఏ మూలకీ రాదు. ఎగుమతికి కొత్తది కొనండి, అంతే.

సామాను చేసి అమ్మేవాళ్ల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. తినే బల్ల, పిల్లల మంచం, కూరగాయలు పెంచే తొట్టి, ఈ మూడూ ఊరూపేరూ తెలియని ప్యాలెట్ చెక్కతో చేసి అమ్మకూడదని నేను గట్టిగా అనుకుంటా. శాండింగ్ చేసి వార్నిష్ కొడితే పైకి అందంగానే ఉంటుంది, లోపలికి ఇంకినదాన్ని వార్నిష్ తీసేయదు. ఇంట్లో పెట్టుకుంటే మీ ఇష్టం, డబ్బు తీసుకుని ఇచ్చాక కొన్నవాళ్లు మీ మాట నమ్మే కొన్నారు.

మరి దారి లేదా అంటే ఉంది. పది చోట్ల ఏరుకోవడం మానేసి ఒకటి రెండు షాపులతో కుదుర్చుకోండి, అదీ ఎప్పుడూ ఒకే రకం పొడి సరుకు వచ్చేవి. టైల్స్ షాపుకి వచ్చే ప్యాలెట్ మీద టైల్సే ఉంటాయి, కాగితం ప్రెస్‌కి వచ్చేదాని మీద కాగితమే. ఆ సప్లయర్ కొత్త ప్యాలెట్ల మీదే పంపుతాడా, పాతవి తిప్పుతాడా అని షాపు వాళ్లనే అడిగించండి. అలా వచ్చినవాటిని వానకి తడవని చోట పెట్టండి, కానీ గోడకి ఆనించి ఎత్తుగా పేర్చొద్దు, ఖాళీ ప్యాలెట్ల దొంతర అంటుకుంటే గాలి అన్ని వైపులా ఆడుతుంది కాబట్టి చాలా వేగంగా కాలుతుంది, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా ముందుగా చూసేది అదే. బయటికి సరుకు పంపడానికైతే పాత ప్యాలెట్లు బాగుచేసి గ్రేడు వేసి అమ్మేవాళ్ల దగ్గర ఒకే సైజువి కొనుక్కోండి, కొత్తవాటికంటే బాగా తక్కువకి వస్తాయి, మీ దగ్గర విరిగినవి ఉంటే వాళ్లే కొనుక్కునే అవకాశం కూడా ఉంది.

నేనైతే తెచ్చిన ప్రతి ప్యాలెట్ మీద ఏ షాపు నుంచి, ఏ నెలలో, దాని మీద ఏ సరుకు వచ్చింది అన్నది మార్కర్‌తో రాసేస్తా, విప్పాక ఆ పలకలని కలపకుండా విడివిడిగా కట్టలు కడతా. షెల్ఫ్ కొనడానికి వచ్చినవాళ్లు ఈ చెక్క ఎక్కడిదండీ అని అడిగితే వెనక్కి తిప్పి చూపిస్తా. రాయడానికి ఏమీ తెలియని ప్యాలెట్లు నా షెడ్డులోనే సామాన్ల కింద ఉంటాయి, అమ్మకానికి రావు.